నల్ల సూర్యుడి ఫొటో

"వజ్రం!" కుర్చీలోంచి అరిచాడు వగ్దీ.

అతని భార్య ఇన్సాఫ్ ఎడమ చెయ్యి చటుక్కున కెమెరా మూతి మీదికి పోయింది. నల్లటి ఫిల్టరు ఊడి ఆమె ఒళ్లో పడింది. కుడిచేతి వేలు బటన్ నొక్కేసింది. నడిగదిలో వేలాడే బల్బు ఫొటోలో పడింది.

"భేష్! ఇంతే. చివరి మెరుపు ఉంగరంలో వజ్రంలా కనిపిస్తుంది. అది ఆరగానే ఫిల్టరు తీసెయ్యాలి. తియ్యకపోతే..."

"తియ్యకపోతే నీ సల్లూమ్ ఫొటోలే! నెల్లాళ్లుగా బల్బుకి గ్రహణం పట్టిస్తున్నావు, ఒక్కసారైనా తప్పానా?"

"లేదు తల్లీ. తప్పింది నేనే."

ఇరవై ఒక్క ఏళ్ల కిందట దేశం పడమటి కొసన సల్లూమ్ సరిహద్దులో సంపూర్ణ సూర్యగ్రహణమంటే, తన ఊరు లక్సర్ నుంచి బస్సులు మారుకుంటూ పోయాడు వగ్దీ. తీరా చీకటి పడేసరికి బటన్ నొక్కే సంబరంలో ఒళ్లు తెలియలేదు, ఫిల్టరు తియ్యడమే మరిచిపోయాడు. రీలు కడిగిస్తే ఒక్కటంటే ఒక్క బొమ్మ లేదు. ఊళ్లో సగం పెళ్లిళ్ల ఫొటోలు తీసినవాడికి 'నల్ల ఫొటో వగ్దీ' అన్న పేరు మిగిలింది. ఆ ఫొటో కోసం ముందే చేయించిన చట్రం స్టూడియో గోడ మీద ఖాళీగా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గ్రహణమే వెతుక్కుంటూ అతని మిద్దె మీదికి వస్తోంది. కానీ వగ్దీ చేతులు వణుకుతున్నాయి, నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఆడదు. అందుకని మాట అతనిది, వేలు ఇన్సాఫ్‌ది.

చల్లటి కర్కదే పూల షర్బతు గ్లాసు చేతికిస్తూ ఆమె మెల్లగా కదిపింది.

"చలికాలం లోపల గుండె ఆపరేషన్ అయిపోవాలన్నాడు అస్యూత్ ఆస్పత్రి డాక్టరు. గ్రహణం కాగానే పోదామా?"

"మళ్లీ మొదలెట్టావా! ఈ వయసులో ఛాతీ కోయించుకుని నేను చేసేదేముంది? ఆ ఒక్క ఫొటో చట్రంలోకి ఎక్కితే నాకింక ఏ కోరికా లేదు. పిలుపొచ్చిన రోజు హాయిగా లేచి పోతాను."

"నువ్వు హాయిగానే పోతావు. మరి నేనో?"

వగ్దీ గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు. పిల్లల్లేని ఇల్లు. ఆమెకి తను తప్ప ఎవరూ లేరని అతనికి తెలుసు. తెలిసినా ఏం లాభం, మనసంతా ఆ ఖాళీ చట్రం మీదే ఉంది.

గ్రహణం రోజు ఆగస్టు ఎండకి మిద్దె కాలిపోతోంది. కాఫీ దుకాణం షెహాతా పక్క మిద్దె మీంచి తొంగి చూశాడు.

"ఏం వగ్దీ అన్నా, ఈసారైనా మూత తీస్తావా, మళ్లీ మాకు బొగ్గే చూపిస్తావా?"

"ఈసారి వేలు మీ వదినది రా!"

"అయితే పడ్డట్టే! వదిన కూరలో ఉప్పు కూడా ఎప్పుడూ మరిచిపోలేదు. గ్రహణం నమాజుకి పిలుస్తున్నారు, రావా?"

"మెట్లు దిగితే మళ్లీ ఎక్కలేను. నా దువా కూడా నువ్వే చెయ్యి, ఫొటో బాగా రావాలని."

"గుండె బాగుండాలని చేస్తాలే, పో!" అంటూ షెహాతా దిగిపోయాడు.

సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు. నిటారుగా పైకెత్తిన కెమెరా కింద చాప మీద కూర్చుంది ఇన్సాఫ్. వెలుగు మెల్లగా మాసిపోయింది. పావురాలు కంగారుగా ఒక చుట్టు చుట్టి గూట్లో దూరాయి.

"వజ్రం!" అరిచాడు వగ్దీ. ఒక్కసారిగా చీకటి పడింది. "తీశావా? ఇన్సాఫ్, తీశావా?"

"పైకి చూడవయ్యా మగడా! సల్లూమ్‌లో ఎలాగూ కెమెరానే చూస్తూ కూర్చున్నావు."

చూశాడు. నల్లటి బిళ్ల చుట్టూ తెల్లగా వెలుగు విరబోసుకుంది. ఊరికి నాలుగు వైపులా ఒకేసారి తెల్లవారుతున్నట్టుంది. చాప మీంచి టక్, టక్ అని కెమెరా చప్పుడు వినిపిస్తూనే ఉంది. బతుకంతా ఎదురుచూసింది ఇదే కదా అనుకుంటే వగ్దీకి కన్నీళ్లు ఆగలేదు.

వెలుగు తిరిగొచ్చాక ఆత్రంగా కెమెరా అందుకున్నాడు. దాని వెనక తెర మీద మొదటి ఫొటో నలుపు. రెండోదీ నలుపే. అన్నీ నలుపే. వేళ్లతో కెమెరా మూతి తడిమి చూశాడు. ఫిల్టరు అక్కడే ఉంది.

"అయ్యో ఇన్సాఫ్..." అని మొహం కప్పుకున్నాడు. ఆమె తల వంచుకుని నిలబడింది.

సాయంత్రం దాకా అతను ముద్ద ముట్టలేదు. చివరికి గోడ వైపు చూస్తూ గొణిగాడు.

"ఇంకోటి ఉంది. ఏడేళ్లకి. మన దేశం దక్షిణపు కొసన పడుతుంది."

"ఏడేళ్లకా?"

"ఈ గుండె అన్నాళ్లు ఆడొద్దూ! ఆ అస్యూత్ డాక్టరు నంబరు ఉందా?"

"ఉంది."

"ఫోన్ కలుపు. ఎప్పుడు కోస్తాడో కనుక్కో."

నంబరు నొక్కుతుంటే ఇన్సాఫ్ కళ్లు నిండిపోయాయి. అది చూసి వగ్దీ కరిగిపోయాడు.

"పోనీలే, ఏడవకు. ఆ చీకట్లో ఎవరైనా మరిచిపోతారు. నేను మరిచిపోలేదూ?"

ఇన్సాఫ్ మరిచిపోలేదు.