సింహాద్రి కట్టిన ఇల్లు

నా భార్య పోయాక స్టీలు ప్లాంటు క్వార్టర్‌లో ఉండబుద్ధి కాలేదు. తొంభై నాలుగులో నెహ్రూ నగర్ వెనక ఒక పాత ఇల్లు కొనుక్కుని ఒంటరిగా చేరాను.

దాన్ని కట్టింది సింహాద్రి అనే ఫర్నేసు కార్మికుడని పక్కింటి ప్రభుదాసు చెప్పాడు. ఒక రాత్రి సెకండ్ షిఫ్టు దిగి వస్తుంటే దుర్గ్ రోడ్డు మీద అతన్ని లారీ గుద్దింది. ఆ కబురు అతని భార్య అప్పలకొండ నమ్మలేదు. చచ్చేదాకా వీధి గదిలో అతని కోసం మేలుకునే ఉంది.

"ఇప్పటికీ రాత్రిళ్లు మొగుడు వచ్చీనాడా అని అడుగుతాది అన్నా. నీ మొగుడు చచ్చిపోనాడని మొకం మీదే చెప్పీ, పోతాది. మెత్తగా మాటాడ్డం నీకెలాగూ రాదు కదా!" అని ప్రభుదాసు నవ్వాడు.

నేను నవ్వలేదు.

ఆ రాత్రి ప్లాంటు సైరన్ ఆగాక వీధి గదిలో గాజుల చప్పుడయింది. వెళ్లి లైటు వేశాను. ఎవరూ లేరు.

"ఆయన షిఫ్టు అయిపోనాదా బాబూ?" అని నా పక్కనే ఒక ఆడగొంతు అడిగింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. నా భార్య పోయిన సంగతి నాకు మా తోడల్లుడు పాన్ నములుతూ చెప్పాడు. వాణ్ణి నేనింకా క్షమించలేదు.

"ఓవర్‌టైం పడిందమ్మా, ఆలస్యమవుతుంది," అన్నాను.

గాజుల చప్పుడు ఆగింది. తర్వాత చీకటి వంటింట్లో ఎవరో నేల మీద పళ్లెం పెట్టారు.

"అయితే నువ్వు తిను బాబూ. చల్లారిపోతాది."