ఒక మాట తక్కువ

“సేతివాటం అంటే ఏటి, టీచరమ్మా?”

గుమ్మంలో నిలబడే అడిగింది జగ్గమ్మ. తెలుగు టీచరు సుహాసిని దిద్దుతున్న జవాబుపత్రాలు పక్కన పెట్టింది. ఆ మనిషిని చూసి నాలుగేళ్లయింది. విజయనగరంలో ఈ ఇంట్లోనే వంట చేసి, సుహాసిని పాపను చంకనేసుకు తిరిగిన జగ్గమ్మ, మొగుడికి గరివిడిలో పని దొరికిందని వెళ్లిపోయింది.

“ముందు కూర్చో. ఏంటిలా చిక్కిపోయావు?”

“ఇటికలు మోస్తన్నానమ్మా. ఇళ్లల్లో పని ఎవులూ ఇవ్వనేదు. మీరు రాసిచ్చిన కాయితం పదిళ్లల్లో సూపించాను. సదివి, మడిసి, ‘తర్వాత సెప్తాం’ అనీవోరు. మొన్న మా శ్రావణి సదివింది. ‘అమా, నిన్ను దొంగన్నారే’ అని ఒకటే ఏడుపు.”

మాసిన కాగితం బల్ల మీద పెట్టింది. సుహాసిని రాతే. ‘జగ్గమ్మ వంట బాగా చేస్తుంది. పిల్లల్ని ప్రేమగా చూస్తుంది. చేతివాటం మనిషి.’

సుహాసిని కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

“వాటం అంటే ఒక పక్కకి ఒరగడం, జగ్గమ్మా. వాననీళ్లు జారడానికి డాబాకి వాటం పెడతారు చూడు, అదే. నువ్వు గరిటె ఎడమచేత్తో తిప్పుతావు కదా, నీది ఎడమచేతివాటం. ఎడమ అన్న మాట లేకపోతే... పరాయి సొమ్ము వైపు ఒరిగే చెయ్యి అనుకుంటారు.”

“అయితే ఎడమ అని రాయడం మర్సిపోనారేటి?”

సుహాసిని తల వంచుకుంది. జగ్గమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“పోన్లెండమ్మా. ఆ రోజు మీ మనసు మనసులో నేదు. ‘పాప బెంగెట్టుకుంటాది, ఉండిపోవే’ అని ఎంత బతిమాలేరు! కాయితం రాస్తా రాస్తా ఏడిసేరు కూడాను.”

“నన్ను క్షమించు, జగ్గమ్మా.”

“ఒక్క మాట మర్సిపోతే అంత మాటెందుకు? కొత్త కాయితం రాసియ్యండి. పనికి కాదు. మా శ్రావణికి సూపించాల.”

సుహాసిని రాసింది. ‘నమ్మకస్తురాలు’ అని రెండుసార్లు రాసింది. జగ్గమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, పాపను అడిగానని చెప్పమని, బస్సుకు వేళైందని లేచింది. ఆమె వీధి మలుపు తిరుగుతుంటే సుహాసిని పిలవబోయి, ఆగిపోయింది.

నాలుగేళ్ల కిందట, చిత్తుకాగితంలో రాసిన ‘ఎడమ’ను సుహాసినే కొట్టేసింది.