నీళ్లు పారిన దిక్కు

రాధమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి, అందరూ చూస్తుండగా స్టూడియో నేల మీద పోసింది.

ఆ నీళ్లు తిన్నగా వెళ్లి పావని కొత్త బూట్ల కింద చేరాయి.

శ్రవణ్ కుమార్‌కు ఒళ్లు మండిపోయింది.

కొత్తకోట దగ్గర హైవే పక్కన లేచిన విల్లాల వెంచర్లో అతనిది గోల్ఫ్ స్టూడియో. దర్జీ ఒంటి కొలత తీసి చొక్కా కుట్టినట్టు, మనిషి ఎత్తు, చేతుల పొడవు, నిలబడే తీరు చూసి గోల్ఫ్ కర్రలు అమర్చి ఇస్తాడు. హైదరాబాద్‌లో ఆరేళ్లుండి ఈ పని నేర్చుకున్నాడు. నేర్చిన పని కొంత, నేర్చానన్న గర్వం బోలెడంత.

పావని వనపర్తి గురుకులంలో ఇంటర్ చదువుతోంది. వచ్చే వారమే హైదరాబాద్‌లో జూనియర్ల ఎంపిక పోటీ. గెలిస్తే అకాడమీలో సీటు. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. ఇన్నాళ్లూ ఎవరో వాడి వదిలేసిన కర్రలతోనే నెట్టుకొచ్చింది. ఆ పిల్ల కొలతకు ఒక సెట్టు ఉచితంగా చేసిస్తానని శ్రవణ్ కుమార్ మాటిచ్చాడు. విలేకరులు, వెంచర్ పెద్దలు వచ్చింది అది చూడటానికే.

పావని పచ్చ చాప మీద నిలబడి, ఎదురుగా కట్టిన వలలోకి బంతులు కొడుతోంది. కర్ర అడుగున టేపు అంటించి ఉంది. ఆ టేపు మధ్యలో గీసుకుపోతే కర్ర సరిపోయినట్టు. ఇక్కడేమో ప్రతిసారీ కొన వైపే గీసుకుపోతోంది. శ్రవణ్ కుమార్ కర్ర మెడను, అంటే బంతిని కొట్టే తల అతికే చోట, కొంచెం వంచాడు. మళ్లీ కొట్టించి ఇంకొంచెం వంచాడు.

పొద్దున్నే నేల కడిగే రాధమ్మ తలుపు పక్కన నిలబడి ఇదంతా చూసింది. కర్ర వంచొద్దని రెండుసార్లు చెప్పింది. ఎవరి చెవికీ ఎక్కలేదు. మూడోసారి నీళ్లు పోసింది.

“సూడుండ్రి సారూ. నేల వాలు ఉన్నది. రోజు కడిగేదాన్ని, నాకు తెల్వదా? నీళ్లన్నీ ఆ పిల్ల మడిమెల దిక్కే వస్తయి. కర్రది తప్పు గాదు.”

ఒక విలేకరి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు శ్రవణ్ కుమార్‌కు తగలవలసిన చోటే తగిలింది.

“నీ పని బకెట్‌తోని. నా పని నాకు నేర్పుతవా?”

“జర ఒక్కపారి బయట మట్టి మీద కొట్టించి సూడుండ్రి. అంతనే అంటున్న.”

వింటే పోయేదేమీ లేదు. గడప దాటితే మట్టే. కానీ పదిమంది ముందు బకెట్ మనిషి మాట వినటం ఎలా? అతను చెంబు లాక్కుని బయటికి విసిరాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. ఆమె కదలకపోయేసరికి వాచ్‌మన్ సతీష్‌ను పిలిచాడు. సతీష్ రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు.

తలుపు దగ్గర రాధమ్మ వెనక్కి తిరిగి చూసింది.

పావని వంగి బూట్లు తుడుచుకుంటోంది.

“ఏమనుకోకు పావని. గిసొంటోళ్లను లోపలికి రానిస్తే గిట్లనే ఉంటది,” అన్నాడు శ్రవణ్ కుమార్.

“పర్వాలేదు సార్,” అంది పావని.

ఫొటోలు బాగా వచ్చాయి. సాయంత్రం గురుకులం బండి గేటు దాటేటప్పుడు, అప్పటిదాకా ఎండలోనే నిలబడ్డ రాధమ్మ చెయ్యెత్తింది. బండి ఆగలేదు.

ఎంపిక పోటీలో పావని మొదటి బంతి ఎడమకు పోయింది. రెండోదీ ఎడమకే. పట్టు మార్చి చూసింది, కాళ్లు సర్దుకుని చూసింది. బంతి మాత్రం మాట వినలేదు. చివరికి చదివిన జాబితాలో ఆమె పేరు లేదు.

పోటీ అయిన మూడో రోజు కర్రల సంచి భుజాన వేసుకుని స్టూడియోకు వచ్చింది. కర్రలు వద్దంది.

శ్రవణ్ కుమార్ ముందు తప్పంతా ఆమె మీదికే నెట్టాడు. భయపడి ఉంటావన్నాడు, మణికట్టు తిప్పి ఉంటావన్నాడు. ఆమె సంచిలోంచి ఒక కర్ర తీసి అతని ముందు పెట్టింది. అతనికే ఏదో అనుమానం వచ్చి, బయట చదునైన మట్టి మీద కొట్టించాడు.

టేపు ఈసారి మెడ వైపు గీసుకుపోయింది. కర్రను వంచడమే తప్పయింది.

స్టూడియో కట్టిన మేస్త్రీ వెంకటన్నను పిలిపించాడు. వెంకటన్న చాప ఎత్తి, గచ్చు మీద రసమట్టం పెట్టాడు. అందులో బుడగ పక్కకు జారి ఆగింది.

“నీళ్లు పోయే వాటం బరాబర్ ఉన్నది సార్,” అన్నాడు వెంకటన్న సంతోషంగా. “నేనే పెట్టిన. కడిగే నేలకు వాటం లేకుంటె నీళ్లు నిలుస్తయి గద.”

శ్రవణ్ కుమార్ అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. పిల్ల బతుకు ఒక చెంబు నీళ్ల దగ్గర ఆగిపోయిందని అప్పుడు తెలిసింది.

“ఆమెను పిలిపిస్త. అందరి ముందర తప్పైందని చెప్త,” అన్నాడు. “పేరు గూడ అడగలే నేను. ఏ ఊరో ఏమో.”

“అమరచింత,” అంది పావని. “ఇప్పుడు ఊర్ల లేదు సార్. ఈడ పని పోయినంక లేబర్ బండెక్కి పుణె పోయింది. ఏడాది దాక రాదు.”

“నీకెట్ల తెలుసు?”

పావని సంచి దించి గోడకు ఆనించింది.

“అందరి ముందర నన్ను బిడ్డా అని పిలవొద్దని మా అమ్మకు నేనే చెప్పిన సార్.”