కనుమ వద్దన్నాయన

ఆరు చేతులు లేచాయి. ఏడోది లేవలేదు.

వ్యాయామం టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి ఆ ఏడో మనిషి వైపు చూసింది.

బళ్లో స్టాఫ్ రూము అది. ఆదివారాలు కలిసి నడిచే ఏడుగురు, ఈసారి సెలవుల్లో విదేశంలో ఎక్కడ నడవాలో తేల్చుకుందామని కూర్చున్నారు. నల్లబల్ల మీద మూడు దారులు రాసి ఉన్నాయి. మంచుకొండల మధ్య కనుమ, సముద్రపు ఒడ్డు, పాతకాలపు కాలవగట్టు.

కనుమ దాటాలన్నది టీచరమ్మ పదేళ్ల కోరిక.

పక్కనున్న అక్క కూడా కనుమకే చెయ్యెత్తింది. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. చెల్లెలి మాటకు ఏనాడూ కాదనలేదు.

చెయ్యెత్తని మనిషి గుంపులో చేరి రెండు నెలలయింది. రిటైరయ్యానన్నాడు తప్ప, ఏం చేసి రిటైరయ్యాడో ఎవరూ అడగలేదు. అందరికీ కొత్తాయనే.

"నాకు ఎత్తులు పడవమ్మా," అన్నాడు. "కళ్లు తిరుగుతాయి. కాలవగట్టయితే వస్తాను."

"అంత దూరం పోయి కొంగల్ని లెక్కపెడదామా?" అంది టీచరమ్మ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మాట మాత్రం మార్చుకోలేదు.

ఏడుగురిలో ఒక్కరు తగ్గినా కుదరదని ట్రావెల్స్ వాళ్లు ముందే చెప్పారు. ఇంకో మనిషిని వెతికే వ్యవధి లేదు. ఒక్కడు చేరి ఆరుగురి ముందరికాళ్లకు బంధం వేశాడు. టీచరమ్మ నల్లబల్ల మీది కనుమను అరచేత్తోనే తుడిచేసింది.

కాలవగట్టు అందంగానే ఉంది. ఇటు నీళ్లు, అటు పచ్చిక, మధ్యన నున్నటి దారి. ఆమె కంటికి ఏదీ ఆనలేదు.

కొత్తాయన అందరికన్నా వెనక నడిచేవాడు. అరగంటకోసారి మోకాళ్లు పట్టుకుని చతికిలబడేవాడు. అక్క అసలే మొహమాటస్తురాలు. ఆయన్ని ఒంటరిగా వదలలేక తనూ పక్కన కూర్చునేది. వీళ్లిద్దరి కోసం మిగతా ఐదుగురూ మలుపు మలుపుకీ ఆగాల్సి వచ్చేది.

నాలుగో రోజు టీచరమ్మ ఓపిక నశించింది. అక్క ఉందని కూడా చూడకుండా అనేసింది.

"నడవలేని వాళ్లు ఇంటిపట్టున పడుంటే, నలుగురికీ మేలు చేసినవాళ్లవుతారు."

అక్క మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. కొత్తాయన ఆమెను చెప్పనివ్వలేదు.

"నిజమేనమ్మా," అన్నాడు, బూటు లేసు ముడేసుకుంటూ.

తిరిగొచ్చాక జరిగిన మొదటి మీటింగులో, ఇకనుంచి గట్టిగా నడవగలిగిన వాళ్లే గుంపులో ఉండాలని టీచరమ్మ ప్రతిపాదించింది. పేరు చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. ఆయన లేచి, కుర్చీ చప్పుడు కాకుండా బల్ల కిందికి జరిపి, వెళ్లొస్తానని అందరికీ చెప్పి మరీ వెళ్లాడు.

అక్క తలెత్తలేదు.

నెల తర్వాత ఫొటోలు వచ్చాయి. ఆయనవి ఆయనకిచ్చి రమ్మని అక్క ఒకటే పోరు. టీచరమ్మ విసుక్కుంటూనే వెళ్లింది.

ఆయన అద్దెకున్న వాటాకు తాళం వేలాడుతోంది. కిందటి వారమే ఖాళీ చేశారనీ, ఎక్కడికన్నది చెప్పలేదనీ ఇంటావిడ అంది.

"మళ్లీ ఆ విదేశపు మంచుకొండలకే పోయుంటారు. ముప్పై ఏళ్లు, మంచులో చిక్కుకున్న వాళ్లని వెతికి కిందికి దించే దళానికి పెద్దగా ఉన్నారు కదా," అంటూ ఆవిడ ఒక కనుమ పేరు చెప్పింది. దాన్ని ఎన్నిసార్లు దాటారో ఆయనకే లెక్క తెలీదట.

అదే కనుమ.

టీచరమ్మ దారి పొడుగునా ఉడికిపోయింది. ఇంటికొచ్చి ఫొటోలు బల్ల మీద పడేసింది.

"మనల్ని వెర్రివాళ్లని చేశాడక్కా. ఎత్తులు పడవట. కొండల్లోనే పుట్టి పెరిగినట్టున్నాడు. ఎందుకాడినట్టు ఆ అబద్ధం?"

అక్క గిన్నెలు తుడుస్తోంది. ఇటు తిరగలేదు.

"తిడితే నన్ను తిట్టవే," అంది.

స్టాఫ్ రూములో చేతులెత్తిన రోజుకి ముందు ఆదివారం గుట్ట ఎక్కుతూ అక్క వెనకబడింది. ఆమె పెదాలు నల్లబడటం కొత్తాయన ఒక్కడే చూశాడు. గుండెలో వాల్వు పాడైందనీ, ఎత్తుకు వెళ్తే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరు చెప్పిన సంగతి ఆమె చేత చెప్పించాడు. చెల్లెలికి చెప్పమన్నాడు. చెబితే చెల్లెలు ప్రయాణమే మానేస్తుంది. తను రానంటే ఏడుగురవ్వరు. ఎలాగైనా దాచమని అక్క ఆయన్ని బతిమాలింది.

"గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది ఆయనకు కాదే, నాకు. నువ్వన్న మాట కూడా నాకు తగలాల్సిందే."

టీచరమ్మ బల్ల మీద చెదిరిన ఫొటోలు ఒక్కచోటికి చేర్చింది.

"బతిమాలితే ఏమన్నారు?" అంది.

అక్క కళ్లు తుడుచుకుంది.

"'మనలో ఎవరో ఒకరు చేతకానివాళ్లు అనిపించుకోవాలి, అంతే కదమ్మా, ఆ ఒక్కరూ నేనవుతాను' అన్నారు."