నాగలికి భయపడిన గింజ

జొన్నచేలో, జానెడు లోతున, ఒక ముసలి గునుగు కలుపు గింజ ఉండేది. ఏనాడో నాగలి దున్నుతూ మట్టితోపాటు దాన్ని కిందికి బోర్లించింది. అప్పటినుంచి నాగలి మాటెత్తితేనే దానికి వణుకు.

తొలకరి పడింది. పైమట్టిలో ఉన్న పిల్ల గింజలు నానాయి. "అవ్వా, మేం మొలుస్తున్నాం," అన్నాయి.

"వద్దర్రా. వాన పడినా రైతు ఇంకా విత్తలేదు. చేను ఊరికే ఎందుకు వదిలాడు? నాకు భయంగా ఉంది."

"నీకెప్పుడు భయం లేదు గనక," అని నవ్వి అవి తలలెత్తాయి. చేనంతా కలుపుతో పచ్చబడింది. రైతు గట్టు మీద నిలబడి చూసి వెళ్లాడే గాని ఒక్క మొక్కా పీకలేదు.

కలుపంతా మొలిచేదాకా ఆగి, ఎండ కాసిన రోజున రైతు గుంటక దించాడు. దాని ఇనుప పలక మట్టిని పైపైనే గీరుతూ లేత వేళ్లన్నీ కోసుకుంటూ పోయింది. పిల్లల ఏడుపు సాయంత్రానికి ఆగిపోయింది. ఆ వెనకే జొన్న విత్తారు.

కింద అవ్వ బిగుసుకుపోయింది. పక్కనుంచి పోతున్న వానపామును అడిగింది: "నాగలి కూడా వస్తుందా?"

"రాదు. లోతుగా దున్నితే నీలాంటివాళ్లు పైకొస్తారని రైతు దాన్ని అటకెక్కించాడు. ఇక ఏటా గుంటకే. నీకేం భయం లేదు."

అవ్వ ఊపిరి పీల్చుకుంది. అంతలోనే దానికి గుర్తొచ్చింది. ఇంత లోతునుంచి మొలక పైకి చేరదు. నాగలి తిరగేస్తే తప్ప తనకు వెలుగు లేదు.

పొట్టలో మొలక మెల్లగా మెత్తబడి పాడైపోతోంది. జన్మంతా నాగలికి భయపడిన అవ్వ ఇప్పుడు చీకట్లో చెవులు రిక్కించి దాని చప్పుడు కోసమే వింటోంది.