తెల్లంచు మీద మూడు పేర్లు

ఆదివారం సాయంత్రం 4.10కి ఉక్కునగరంలోని ఒక హాల్లో, గోడకున్న బొమ్మ కింద పెన్సిలుతో రాస్తూ ఒక ముసలాయన దొరికిపోయాడు.

బొమ్మ ఫ్రెంచి చిత్రకారుడు ఫెర్నాన్ లెజేది. అచ్చు ప్రతి. ఇనుప దూలాల మీద పనివాళ్లు, వెనక నీలం ఆకాశం.

మూడు రోజుల ప్రదర్శనకు అది చివరి రోజు.

పట్టుకున్నది డ్రాయింగ్ టీచర్ శ్రీవల్లి. ప్రదర్శన పెట్టింది ఆమే. ప్రింట్లు హైదరాబాదు నుంచి అరువు తెచ్చింది.

“ఏం చేస్తున్నారండీ? బొమ్మ పాడైపోదా?”

“బొమ్మ మీద రాయనేదమ్మా. కింద తెల్లంచు మీద రాసినాను.”

“ఎక్కడ రాసినా ఒకటే. ఏం రాశారు?”

“పేర్లమ్మా. బొమ్మలో ఈ ముగ్గురివీ. రాయమని నిన్న మిమ్మల్నే అడిగినాను. నవ్వీసినారు.”

నవ్విన మాట నిజమే.

“వీళ్లు ఫ్రాన్సు వాళ్లు తాతగారూ. డెబ్భై ఏళ్ల కిందటి బొమ్మ.”

“ఏ ఊరోలైతే ఏటి? పేరుండదా?”

పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు. శ్రీవల్లి కోపం కొంచెం తగ్గింది.

“మూడు రోజులుగా ఈ బొమ్మ దగ్గరే ఉంటున్నారు. అంత ఏం నచ్చింది?”

“ఇది గీసినోడు పైకెక్కి గీయనేదమ్మా. కింద నిలబడి సూసినాడు.”

“మీకెలా తెలుసు?”

“పైనున్నోడు తన కాళ్లే సూసుకుంటాడు. ఆకాశం కనపడేది కిందున్నోడికే. ఆ సేతులు ఎంతెంత గీసినాడో సూడండి. కిందున్నోడు ముందు సేతులే సూస్తాడు. జారతాయేమోనని.”

శ్రీవల్లి ఆ మాటలు కాగితం మీద రాసుకుంది. ఆరింటికి ముగింపు సభలో ఆమె మాట్లాడాలి.

“రాసుకోండమ్మా. పేర్లు మాత్రం సెరిపీకండి. సభ అయ్యేదాకా ఉంచండి, సాలు. నలుగురూ సదువుతారు.”

“రేపు ఇవి వెనక్కి పంపాలి. నా మీదికొస్తుంది.”

ఆమె రబ్బరు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా రుద్దింది. పొట్టు చేత్తో దులిపింది.

ముసలాయన అంచు వంక చూశాడు. పెన్సిలు బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

శ్రీవల్లి ప్రసంగానికి చప్పట్లు కొట్టారు. సోమవారం పేపర్లో మూడో పేజీలో ఆమె పేరుతో ఒక వాక్యం వచ్చింది: ‘ఇది కింద నిలబడి చూసినవాడి ఆకాశం.’

గురువారం ఉదయం ఆ పేపరు పట్టుకుని ఒకాయన బడికి వచ్చాడు. పేరు కృష్ణంరాజు. రిటైరైన క్రేన్ ఆపరేటర్.

“ఈ మాట మా గురువులుది మేడమ్. నాతో పని సేసినోడు, పేరే గురువులు. మీకెప్పుడు సెప్పేడు?”

శ్రీవల్లి జరిగింది చెప్పింది.

“పేర్లు రాసేడా!” ఆయన కూర్చున్నాడు. “ముప్ఫై ఏళ్ల కిందట ఒక షెడ్డు కడతన్నాం. నా క్రేన్ లేపుతున్న దూలం జారి పైనున్న ముగ్గురినీ తోసేసింది. ముగ్గురూ పోనారు. ఎక్కడినుంచో వచ్చిన కూలోలు. కాంట్రాక్టరు పుస్తకంలో నెంబర్లే తప్ప పేర్లు లేవు. తెలిసినోడు గురువులొక్కడే. నాను ఏనాడూ అడగనేదు. ఏటి రాసేడు మేడమ్?”

“చదవలేదండీ.”

“కాగితం మీద రాసుకున్నారు గదా?”

“ఆయన మాటలే రాసుకున్నాను. పదండి, ఆయన్నే అడుగుదాం.”

“మంగళవారం పోనాడు మేడమ్. నిన్న దహనం అయిపోయింది.”

శ్రీవల్లి అడిగింది. “ఆ ముగ్గురూ ఆయనకేమవుతారు?”

“ఏమీ అవరు. క్రేన్‌లో కూర్చున్నోడికి పైన ఏం జరుగుతందో కనపడదు మేడమ్. కింద నిలబడి ఒకడు పైకి సూస్తాడు. వాడు సెయ్యెత్తితే మేం దూలం లేపుతాం.”

ఆయన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆ రోజు నాకు సెయ్యెత్తింది గురువులు.”