పళ్లపొడి డబ్బా మీది గీతలు

ఆ దొంగతనానికి వామన్‌రావుకు కావలసిన పనిముట్లు రెండే. ఒక కత్తెర, ఒక జిరాక్స్ మిషను. కత్తెర ఆబిడ్స్‌లోని ఆయన దుకాణంలోనే ఉంది. జిరాక్స్ మెట్ల కింద ఉంది.

అది 2008. వామన్‌రావు కూతురి పేరున 'వైశాలి' పళ్లపొడి తయారుచేసి, ఇంటర్నెట్‌లో సరుకులమ్మే ఒక కొత్త సైటులో పెట్టాడు. మూడు నెలల్లో మూడు డబ్బాలు అమ్ముడుపోయాయి. అందులో రెండు బావమరిదే కొన్నాడు. అదే సైటులో నాంపల్లి ఆనంద్ పాల్ అమ్మే 'జెర్లిన్' పళ్లపొడికి మాత్రం జనం ఎగబడుతున్నారు. ఆయన పెట్టుకున్నదీ కూతురి పేరే. కాబట్టి అదృష్టం కూతుళ్ల పేర్లలో లేదని వామన్‌రావుకు తేలిపోయింది.

మరెక్కడుందంటే, డబ్బా వెనక ఉండే నల్ల గీతల్లో, వాటి కింది పదమూడు అంకెల్లో ఉంది. ఆ నంబరు ఒకటే అయితే సైటు రెండు సరుకుల్నీ ఒకే పేజీలో చేర్చేస్తుందని ఆయన కనిపెట్టాడు. జెర్లిన్ నంబరును తన డబ్బాకు అతికిస్తే చాలు, జెర్లిన్ అడిగినవాళ్లకు వైశాలిని పంపేయొచ్చు.

"గది మన నంబర్ గాదు గదా. తప్పు గాదాండీ?" అంది భార్య విద్యావతి, డబ్బాలకు ఆ గీతల కాగితాలు అంటిస్తూనే.

"గీతలే గదనే. పళ్లు తోముకునేటోడు గీతలు జూసి తోముకుంటడా?" అన్నాడు వామన్‌రావు.

పది రోజులు పండగలా గడిచాయి. రోజూ రెండు సంచుల పార్సిళ్లు వెళ్లేవి. పదకొండో రోజు వరంగల్ నుంచి ఒకాయన, జెర్లిన్ అడిగితే వైశాలి వచ్చిందేమిటని సైటుకు రాశాడు. మర్నాడే ఇద్దరు వ్యాపారులకూ నోటీసు దిగింది. బార్‌కోడు ఒకరిది, బ్రాండు ఇంకొకరిది అయినట్టుంది, నంబరు ఎవరిదో సోమవారం బషీర్‌బాగ్ ఆఫీసుకు వచ్చి రుజువు చేసుకోవాలి, వేరేవాళ్ల నంబరు వాడుకున్నవాళ్ల మీద పోలీసు కేసు పెడతాం అని దాని సారాంశం.

వామన్‌రావుకు ముచ్చెమటలు పోశాయి. ఆ దుకాణం ఆయన తండ్రి పెట్టింది. నలభై ఏళ్లలో పోలీసు ఆ గడప తొక్కింది ఒక్కసారే, అదీ అగ్గిపెట్టె కొనడానికి. ఇప్పుడు కేసంటూ అయితే తండ్రి పేరున్న బోర్డు కింద ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే నాంపల్లి స్టేషన్ దగ్గర గల్లీలో ఆనంద్ పాల్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. లవంగాల వాసన ఘుమ్మంటున్న వరండాలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"మీ నంబర్ కొట్టేసింది నేనే పాల్ గారూ. తప్పైంది. జర నా ఇజ్జత్ కాపాడున్రి."

ఆనంద్ పాల్ ముఖం పాలిపోయింది. తిట్లు తినడానికి సిద్ధపడి వామన్‌రావు తల దించుకున్నాడు. ఆనంద్ పాల్ మాత్రం గబగబా కుర్చీ వేసి, భార్య సుగుణమణిని పిలిచి చాయ్ తెమ్మన్నాడు.

"ఇంత చిన్నదానికి పోలీసులెందుకండీ? మాలో మేం రాజీ పడ్డామని సైటుకు ఇప్పుడే రాసేస్తాను. ఆ నంబరు కూడా వదిలేస్తా. ఇద్దరం చెరో కొత్త నంబరు తీసుకుందాం."

"మీ నంబర్ మీరెందుకు ఇడ్వాలె?"

"మీకంటే నంబరు ఎక్కువా? మీరు మాత్రం సోమవారం ఆ ఆఫీసు వైపు వెళ్లకండి. నా మాట వినండి."

వెళ్లేటప్పుడు ఆరు జెర్లిన్ డబ్బాలు కూడా చేతిలో పెట్టాడు. వామన్‌రావుకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి మనిషినా తాను దోచుకున్నది అని సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆయన మనిషి గాదే, దేవుడు," అన్నాడు ఇంటికి వచ్చి.

"దేవుడని తెల్సినంక గూడ ఊకుంటరా? ఆయన నంబర్ ఆయనకే ఉండాలె. పోయి ఒప్పుకొని రాన్రి," అంది విద్యావతి.

"లోపలేస్తేనో?"

"ఏస్తే ఎయ్యనీ. రోజూ టిఫిన్ నేను తెస్త."

సోమవారం వామన్‌రావు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఇంటి నుంచి బయల్దేరాడు. బషీర్‌బాగ్‌లో అమ్మకందార్ల తగాదాలు చూసే ఆఫీసరు పేరు ఇంద్రసేన. ఆయన ముందు కూర్చుని, తప్పంతా తనదేనని వామన్‌రావు ఒక కాగితం నిండా రాశాడు.

"నన్నేమన్న జేయున్రి సార్. గా నంబర్ మాత్రం పాల్ గారికే ఉంచున్రి."

సంతకం పెట్టబోతుంటే ఇంద్రసేన చెయ్యి అడ్డం పెట్టాడు. బార్‌కోడు నంబర్లు ఇచ్చే ఢిల్లీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఆయన కంప్యూటరులో ఉంది. దాన్ని రెండుసార్లు చదివాడు. నవ్వాపుకోలేకపోయాడు.

"బల్వంత్‌రావు గారు మీకేమవుతారు?"

"మా బాపు. పోయి ఆరేండ్లైంది. ఆయన్నెందుకు సార్ దీంట్లకు గుంజుతరు?"

"గుంజక తప్పదు రావు గారూ. తొంభై ఎనిమిదిలో ఊదుబత్తీల డబ్బా కోసం ఆయన మీ దుకాణం పేరున తీసుకున్న నంబరిది. మీరు కొట్టేసింది మీ సొంత నంబరే, మీకంటే ముందు కొట్టేసింది మీ పాల్ గారు."